గెక్ చూకి మిగిలిన మాట

పక్షవాతం వచ్చి కోలుకున్నాక తియో గెక్ చూకి మిగిలిన మాట ఒక్కటే: ‘క్యాన్’, వాళ్ల ఊరి ఇంగ్లీషులో ‘అవుతుంది’ అని. తోపాయోలోని తిండి దుకాణాల మధ్య ముప్పై ఒక్క ఏళ్లు కాఫీ కలిపిన మనిషి. ఆస్పత్రిలో మాట నేర్పే ఆవిడ తాళం, చేప, కప్పు బొమ్మలు చూపిస్తే అన్నిటికీ అదే అంది. ఆ మాట చివర తగిలించిన ‘లా’, ‘లోర్’, ‘మెహ్’ లాంటి కొసల్ని ఆవిడ పట్టించుకోలేదు. కాగితం మీద ‘ఒకే మాట’ అని రాసేసింది.

ఆ కాగితం చూసి కూతురు లే పెంగ్ దుకాణం వదిలేద్దామనుకుంది. లైసెన్సు ఎవరి పేర ఉంటే వాళ్లే అక్కడ నిలబడి అమ్మాలి మరి. కొట్టు ఉంచుకుంటారో లేదో శుక్రవారంలోగా లైసెన్సు ఆఫీసుకి జవాబివ్వాలి. కొట్టు తిరిగి ఇచ్చేసే ఫారం పట్టుకుని, తల్లిని వెంటబెట్టుకుని సామాను సర్దడానికి వచ్చింది.

పక్క కొట్టులో కొబ్బరిపాల అన్నం అమ్మే రొహాయా అప్పటికే వీళ్ల పొయ్యి వెలిగించి, డికాషన్ దింపి పెట్టింది.

“ముందు మీ అమ్మనడుగు,” అంది.

“ఏం చెబుతుంది ఆంటీ? దేనికైనా అదే మాట.”

“కొస వినిపించట్లేదా నీకు?” అని గెక్ చూ వైపు తిరిగింది. “అక్కా, కొట్టు ఇచ్చేసి ఇంట్లో కూర్చుంటావా?”

“క్యాన్ మెహ్?” అంది గెక్ చూ, కనుబొమలెత్తి. అదెలా కుదురుతుందే అన్నట్టు.

“మందులు మాత్రం మానకూడదు.”

“క్యాన్ లోర్.” తప్పుతుందా అన్నట్టు.

లే పెంగ్ ఈ కొసలు వింటూనే పెరిగింది. ఆస్పత్రి కాగితం చదివాక వినడం మానేసింది.

ఇంతలో టాక్సీ తోలే ముసలాయన సియా, బల్ల మీద టిష్యూ పొట్లం పెట్టి చోటు ఆపుకుని వచ్చాడు. చక్కెర తగ్గించి ఒక కాఫీ అడిగాడు. గెక్ చూ పొడుగు ముక్కు చెంబు ఎడమచేత్తో ఎత్తింది. సాసరులో కాస్త ఒలికింది.

“ఇదివరకు ఇంత ధారాళం లేదే నీకు,” అన్నాడు సియా. తాగి చూసి, చక్కెర సరిపోయిందన్నాడు.

లే పెంగ్ కాసేపు ఫారం చేతిలోనే ఉంచుకుంది. “అమ్మా, రేపు ఆరింటికి తెరవగలవా?”

“క్యాన్ లా.” అదీ ఒక ప్రశ్నేనా అన్నట్టు. తరవాత గడ్డంతో కూతుర్ని చూపిస్తూ, “క్యాన్ హోర్?” అంది. నువ్వూ వస్తావుగా అని.

“తొమ్మిదింటి దాకానే. ఆఫీసుంది,” అంది లే పెంగ్, ఫారం మడిచి సంచిలో పెడుతూ.