రమాదేవి గారి శాంపిల్

మా జువాలజీ మేడం రమాదేవి గారికి ఉన్నది ఒక్కటే జబ్బు. చేప కనపడితే కొలవాలి. ముందు పొడుగు, తరవాత బరువు. ఆ రెండూ తేలేదాకా ఆ చేప ఎవరిదైనా సరే, బుట్టలో ఉన్నా పులుసులో ఉన్నా సరే, ఆవిడకి కాలు నిలవదు.

పులుసులో అని మాటవరసకి అనలేదు. మా గృహప్రవేశమైన వారానికి స్టాఫందరినీ భోజనానికి పిలిచాం. మా ఆవిడ నాగలక్ష్మి కొర్రమీను పులుసు పెట్టింది. నేను మొదటి ముద్ద కలిపానో లేదో పక్క కుర్చీలోంచి రమాదేవి గారి గొంతు వినపడింది.

"నాగేశ్వరరావు గారూ, తల ముక్క ఎవరికి పడింది?"

"ప్రిన్సిపాల్ గారికి. ఏం?"

"తోక మీ కంచంలోనే ఉంది. నడిమి ముక్కలు గిన్నెలో ఉంటాయి. వరసగా పేరిస్తే పొడుగు తేలిపోద్ది కదండీ!"

నేను నవ్వి ఊరుకునేవాణ్ణి. మా ఆవిడ అతిథి మర్యాద తెలిసిన మనిషి. నిజంగానే పళ్లెం తెచ్చి, అప్పటి ప్రిన్సిపాల్ గారి కంచంలోంచి తలతో సహా ముక్కలన్నీ పోగేసి పేర్చింది. ఆకలి మీదున్న లెక్చరర్లందరం చేతులు కడుక్కోకుండా గుడ్లప్పగించి చూశాం. చేప చల్లారింది, పొడుగు తేలింది. "బరువు మాత్రం తెలీదండీ, చింతపండు రసం పీల్చుకుని ఉంటుంది" అని ఆవిడ దిగులుపడింది.

ఇంతా చేసి ఆవిడ చేప తినదు. ఎందుకు తినరంటే, "కొలిచాక పరిచయమైపోద్ది కదండీ. పరిచయమున్నవాళ్లని ఎట్లా తింటాం?" అంటుంది. పప్పూ పెరుగూ వేసుకుని తృప్తిగా లేచింది ఆ రోజు.

ఆదివారం పొద్దున్నే మాచర్ల చేపల మార్కెట్టుకి వెళితే ఆవిణ్ణి చూడొచ్చు. చంకలో స్టీలు స్కేలు కొట్టిన చెక్క బల్ల, సంచిలో కరెంటు కాటా. సాగర్ కింద కృష్ణలో పట్టిన చేపల్ని అక్కడ అమ్మే కోటమ్మ ఆటోలోంచి దింపుకోగానే ఈవిడ గొంతుక్కూర్చుంటుంది. ఒక్కో జెల్ల చేపనీ బల్ల మీద పడుకోబెట్టి, మూతి ఆనించి, తోక సాగదీసి చదువుతుంది. వెనక జనం పెరుగుతుంటారు.

"అమ్మా, చేపని కొంటున్నావా, చొక్కా కుట్టిస్తున్నావా?" అంటుంది కోటమ్మ.

"ఒక్క నిమిషం కోటమ్మా. ఇది కొంచెం చిక్కిందే!"

"గట్టిగా అనబాక తల్లీ, బేరాలు పోతయ్!"

మళ్లీ ఆ చిక్కిన జెల్లని కూడా వదలదు. బుట్ట బుట్టంతా కొని కాలేజీ ల్యాబుకి పట్టుకుపోతుంది. అందుకే ఎంత సణిగినా కోటమ్మ ఆవిడ కోసం జెల్లలు ఎవరికీ ఇవ్వకుండా గోనెపట్టా కింద దాచిపెడుతుంది.

నేను కామర్సు వాణ్ణి. లెక్క సరిపోతే చాలు, లోతుకి పోను. ఒకసారి స్టాఫ్ రూములో అడిగాను. "మేడం, పొడుగు రెండింతలైతే బరువూ రెండింతలవుద్ది. దీనికి పరిశోధన ఎందుకండీ?"

ఆ ప్రశ్న అడక్కుండా ఉండాల్సింది. ఆవిడ చాక్‌పీసుల డబ్బా ఒకటి తెచ్చి బల్ల మీద పెట్టింది.

"ఇది చిన్న చేప అనుకోండి. చేప పొడుక్కే పెరిగి ఊరుకుంటుందా? వెడల్పూ పెరుగుద్ది, మందమూ పెరుగుద్ది. ఇప్పుడు అన్నివైపులా రెండింతలు చేద్దాం." ఇంకొన్ని డబ్బాలు తెచ్చి పక్కన పెట్టింది, వెనక పెట్టింది, మీద పేర్చింది. "లెక్కపెట్టండి."

లెక్కపెడితే ఎనిమిదయ్యాయి. పొడుగు రెండింతలు, బరువు ఎనిమిదింతలు. ఆ రోజు మా కాలేజీలో ఏ క్లాసుకీ చాక్‌పీసు దొరకలేదు. ఇంగ్లీషు మాస్టారు ఏసుబాబు వేలితో గాల్లో రాసి పాఠం చెప్పాడు.

"అయితే పెద్ద చేప కొనడమే లాభమన్నమాట" అన్నాను.

"మీకు లాభం తప్ప ఇంకోటి కనపడదేంది నాగేశ్వరరావు గారూ!" అని విసుక్కుని గ్రాఫు గీసింది. కింద పొడుగు, పక్కన బరువు. మధ్యలో విల్లులా పైకి లేచిన గీత. ఆ గీత మీద ఉన్న చేప హాయిగా ఉన్నట్టు. పైనుంటే బాగా మేసినట్టో, కడుపులో గుడ్లున్నట్టో. కిందుంటే తిండి చాలనట్టు. చెరువులో పెంచిన చేపల్ని మాత్రం ఆవిడ కొలవదు. "మేతేసి పెంచినదాని బరువులో గొప్పేముంది, అది మేతేసినవాడి గొప్ప. ఏట్లో చేపకి వేసేవాడెవడూ లేడు. దాని బరువు చూస్తే ఏరు ఎట్లా ఉందో తెలుస్తుంది" అంటుంది.

ఆ రోజే ఇంకో మాట చెప్పింది. అది మాత్రం నేను మర్చిపోలేదు. "కరువొస్తే చేప బరువు తగ్గుద్ది గానీ పొడుగు తగ్గదండీ. ఒకసారి పెరిగిన పొడుగు వెనక్కి పోదు. పొడుగు పోయినకాలం సంగతి చెప్తుంది. బరువు ఇవాళ్టి సంగతి చెప్తుంది. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తేగానీ దాని కష్టం మనకి తెలీదు."

మనుషుల్ని కూడా ఆవిడ ఆ గీతతోనే చూస్తుంది. నేను పొట్టి, కాస్త ఒళ్లున్నవాణ్ణి. "మీ పొడుక్కి ఈ బరువు గుడ్లున్న చేపకి ఉంటుందండీ" అని ఎమ్మార్వో గారి ముందే అనేసింది. ఆయన నవ్వాపుకోలేక టీ ఒలకబోసుకున్నాడు. వార్షికోత్సవానికి ముఖ్య అతిథిగా వచ్చిన నాయకుడికి మేం గజమాల వేస్తుంటే నా చెవి దగ్గర, "గీతకి పైన. చానా పైన" అంది. ఇంతకీ ఆవిడ మాటలో వెక్కిరింత ఉండదు. లావు, బక్క అన్న మాటలు ఆవిడ నోట రావు. పొడుక్కి తగ్గ బరువు ఉందా లేదా, అంతే.

ఈ జెల్లల మీద పీహెచ్‌డీ మొదలుపెట్టి ఏళ్లయింది. మొదటి గైడు రిటైరయ్యాడు. రెండో గైడు, "అమ్మా, గీత ఎప్పుడో వచ్చేసింది, రాసి ఇచ్చెయ్యి" అని బతిమాలి, బతిమాలి, తనూ రిటైరయ్యాడు. ఎవరు అడిగినా ఒకటే జవాబు.

"శాంపిల్ చాల్లేదండీ."

అలా ఉండగా కొత్త ప్రిన్సిపాల్ వెంకట్రామయ్య గారు వచ్చారు. ఫిజిక్సు మనిషి. మాట తక్కువ, ముక్కు ఎక్కువ. చేరిన మొదటి సోమవారమే జువాలజీ ల్యాబు ముందు ఆగి గాలి పీల్చారు. నన్ను పిలిపించారు. స్టాఫ్ సెక్రటరీని కాబట్టి ఇలాంటి శుభవార్తలు చేరవేసే పని నాదే.

"ఏందయ్యా ఈ కంపు?"

"పరిశోధన సార్."

"ఇన్నేళ్లా? ఇక చాలు. రేపటి నుంచి కాలేజీలోకి చేప రాకూడదు. వచ్చే వారం శుక్రవారం ఆవిణ్ణి తన లెక్కలు తీసుకుని రమ్మను. చూసి, కాగితం మీద మూసేద్దాం."

నేను చెబితే రమాదేవి గారు వాదించలేదు. "ఆదివారం కూడా వద్దన్నారా?" అని మాత్రం అడిగింది. అన్నారన్నాను. ఆవిడ మొహం చూస్తే ఎవరికో అన్నం లేదని చెప్పినట్టుంది. పరిశోధన అంటే అంత పిచ్చి కాబోలు అనుకున్నాను.

ఆ ఆదివారం చేప రాలేదు. సోమవారం నా స్టూడెంటు స్వాతి స్టాఫ్ రూము గుమ్మంలో నిలబడింది. వెల్దుర్తి పిల్ల, బీకాం రెండో సంవత్సరం, మా కాలేజీ గర్ల్స్ హాస్టల్లో ఉంటుంది.

"సార్, రమాదేవి మేడం లేరా?"

"క్లాసులో ఉన్నారు. ఏంది పని?"

"నిన్న శాంపిల్ రాలేదు సార్. మేడంకి ఒంట్లో బాగాలేదేమోనని..."

"శాంపిల్ రాకపోతే నీకేందమ్మా? నువ్వు బీకాం కదా!"

"హాస్టల్లో అందరం చేస్తాం సార్. మనిషికో చేప. కొలిచి, తూచి, మేడంకి చెప్పి, శుభ్రం చేసుకుని..." అని ఆగిపోయింది.

"శుభ్రం చేసుకుని?"

"వండుకుంటాం సార్. కొలిచినదాన్ని పారెయ్యకూడదంట. ఎవురు కొలిచిన చేప వాళ్లే తినాలంట. సైన్సులో రూలంట."

అలాంటి రూలు ఏ సైన్సులోనూ లేదని తెలియడానికి నాకు జువాలజీ అక్కర్లేదు. ఇన్నాళ్లూ ఆ చేపలన్నీ కాలేజీ పిల్లుల పాలవుతున్నాయనుకున్నాను. మా హాస్టల్ మెస్సులో పప్పుచారు, మజ్జిగ, ఎప్పుడన్నా గుడ్డు. వార్డెన్ని అని లాభం లేదు, వచ్చేదాంట్లో అంతకంటే పెట్టలేరు.

"మేడం ఉట్టినే కొనిపెడితే తినేవాళ్లు కాదా?" అన్నాను.

స్వాతి తల ఎత్తి చూసింది. "మాకు ముందున్న అక్కలని అట్టాగే అడిగారంట సార్. వద్దన్నారంట. నేనైనా వద్దనే అంటాను. మా అమ్మా నాన్నా నాపరాయి క్వారీలో చేస్తరు. ఉట్టినే ఎవరిదీ తినొద్దని చెప్పి పంపింది మా అమ్మ. ఇదైతే పని గదా సార్. చానా జాగర్తగా కొలుస్తాం. తోక ముడుచుకుంటే పొడుగు తప్పొస్తదని మేడం కోప్పడతారు."

అదీ సంగతి. దానమంటే తినరు, పనంటే తింటారు. అందుకని ఆవిడ ఆ పిల్లల కోసం పని పుట్టించింది. ఆ పని ఒకనాటికి పూర్తయిపోతే చేప ఆగిపోతుంది కాబట్టి, పూర్తి కానివ్వలేదు. చేతికొచ్చిన డాక్టరేటుని ఇన్నేళ్లు వాకిట్లోనే నిలబెట్టింది. స్వాతి మొదటేడు వచ్చినప్పుడు పొడుగే కనపడేది. ఇప్పుడు మొహంలో కళ వచ్చింది. నాకు కళ్లు చెమర్చాయి, పిల్ల చూస్తుందని ఆడిటింగ్ పుస్తకం తెరిచాను.

శుక్రవారం వచ్చింది. ప్రిన్సిపాల్ గారి గదిలో ఆవిడ ఒక పక్క, నేను ఒక పక్క. ఆయన కంప్యూటర్లో ఆవిడ పంపిన లెక్కలు తెరిచి చాలాసేపు చూశారు.

"మేడం, మొదటేడు వచ్చిన గీతకీ ఇప్పటి గీతకీ వెంట్రుకవాసి తేడా లేదు. మరి ఇంకా ఎందుకు?"

"శాంపిల్ చాల్లేదు సార్."

"ఏటేటా పెంచుతూనే ఉన్నారుగా! జూలైలో ఉన్నట్టుండి ఎక్కువవుతుంది. దసరాకి తగ్గుతుంది. ఎండాకాలం సెలవుల్లో ఒక్క చేపా లేదు. అప్పుడు కృష్ణలో చేపలుండవా?"

ఆవిడ నేల చూపులు చూస్తోంది. ఒక్క మాట చెబితే చాలు. చెబితే ఆ పిల్లలు లేనివాళ్లన్న మాట నలుగురి నోళ్లలో పడుతుందని చెప్పదు. చెప్పదని నాకు తెలుసు. ఆగలేకపోయాను.

"కృష్ణలో చేపలుంటాయి సార్. హాస్టల్లో పిల్లలే ఉండరు."

ఆయన నా వైపు చూశారు. తరవాత మళ్లీ లెక్కల వైపు చూశారు. ఫిజిక్సు మనిషి కదా, రెండో మాట అడగలేదు. కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. రమాదేవి గారు నన్ను చూసిన చూపుకి నేను కుర్చీలోనే సగమయ్యాను.

"ల్యాబులో మాత్రం కుదరదు మేడం" అన్నారు చివరికి.

"అలాగే సార్" అంది ఆవిడ.

"ల్యాబు చిన్నది. హాస్టల్ వంటగది వెనక వరండాలో పెట్టుకోండి. ఇక మీరన్నది నిజమే. ఈ శాంపిల్ చాలదు."

"ఎంత పెంచమంటారు సార్?"

"బాయ్స్ హాస్టల్ కూడా మనదే కదమ్మా."

ఆవిడ మొహం వెలిగింది. మరుక్షణమే దిగులుపడింది. "మగపిల్లలు కొలవకముందే తినేస్తారు సార్!"

ఆదివారం మార్కెట్టు ముందు ఆటోలోకి కోటమ్మ బుట్ట ఎక్కిస్తున్నాం. ఒక పక్క నేను పట్టుకున్నాను, రెండో పక్క ప్రిన్సిపాల్ గారు ముక్కుకి రుమాలు కట్టుకుని పట్టుకున్నారు. రమాదేవి గారు స్కేలు బల్ల చంకన పెట్టుకుని వెనకాలే కసురుతోంది.

"మెల్లగా సార్, మెల్లగా! తోకలు విరిగితే పొడుగు తప్పొస్తుంది!"