పిక్క నొక్కి చూసే బావ

మా పరుగు జట్టుకు పెద్ద ఒక బెల్లం వ్యాపారి. మాకందరికీ ఆయన బావే, ఆయనకు మేమూ బావలమే. మార్కెట్లో బెల్లం దిమ్మను నొక్కి చూసినట్టే, పొద్దున్నే పక్కూరు కశింకోట దాకా పరిగెత్తించి మా పిక్కల్ని బొటనవేలితో నొక్కేవాడు.

"ఇంకా గట్టిపడలేదు బావా. మారథాన్ అంటే ఏటనుకున్నావు?" అనేవాడు. జట్టు వదిలేసినవాళ్ల పేరెత్తితే మొహం చిట్లించేవాడు.

ఒకరోజు చెప్పాపెట్టకుండా తనే మానేశాడు. షటిల్ ఆడుతున్నాడని తర్వాత తెలిసింది. ఆయన లేని పరుగు చప్పగా అనిపించి, నెల తిరక్కుండానే నేనూ రాకెట్ కొనుక్కుని ఆ కోర్టుకు వెళ్లాను.

గేటు దగ్గరే వంగి నా పిక్క నొక్కి చూశాడు. ఆయన మొహం నిజంగానే వాడిపోయింది.

"మెత్తబడిపోయింది బావా! పరుగు మానేసేవేటి?"