బస్సు వల్ల నాకు పెళ్లయింది

ఒక్క అక్షరం మింగేసిన పాపానికి నాకు పెళ్లయిపోయింది, చేవెళ్ల నడిరోడ్డు మీద బస్సు ఆగిపోయింది, ఏ పాపమూ ఎరగని ఒక పెద్దమనిషి చొక్కా కాలర్ ఊడి మా బాపు చేతికొచ్చింది. ఇన్నేళ్లయినా తలుచుకుంటే నాకు ఒళ్లు మండుతుంది. మీరు నవ్వుకోండి, అందుకేగా చెప్తున్నాను. కానీ జర చిన్నగా నవ్వండి. నాకింకా కోపం తగ్గలేదు.

అవి ఐటీ పూనకం ఊరూరా పట్టిన రోజులు. మా కిరాణా దుకాణానికి కందిపప్పు కోసం వచ్చినవాళ్లు కూడా "మీ బిడ్డ జావా నేర్చుకున్నదా సేటూ?" అని అడిగి పోయేవారు. నేను మొయినాబాద్ దగ్గర ఇంజినీరింగ్ చదువుతున్నాను. జావా ఎట్లాగూ అందరూ నేర్పుతున్నారని మా కాలేజీవాళ్లు స్పానిష్ పెట్టారు. మెక్సికో పనులు హైదరాబాదుకు వస్తున్నాయట, స్పానిష్ వస్తే ఉద్యోగమే వెతుక్కుంటూ వస్తుందట.

మా స్పానిష్ సారు మంచివాడు. భాషతోపాటు వాళ్ల ఆచారాలూ చెప్పేవాడు. అక్కడ భోజనం కాగానే కునుకు తీస్తారని చెప్పిన రోజు, వెనక బెంచీలన్నీ ఆ సంస్కృతిని అక్కడికక్కడే ఆచరించి చూపించాయి. వాళ్లు ఎదురుపడితే బుగ్గమీద ముద్దు పెట్టుకుంటారని చెప్పి, తలుపు వైపు ఓసారి చూసి, "ఇది పరీక్షకు రాదు. ఎవరూ ప్రాక్టీసు చెయ్యొద్దు" అన్నాడు.

క్లాసులో నేనే ఫస్టు. దాంతో పొగరు నెత్తికెక్కి కూర్చుంది. ఒకరోజు సారు బోర్డు మీద రెండు మాటలు రాశాడు. "కన్సాద అంటే అలసిపోయినామె. కసాద అంటే పెళ్లయినామె. మధ్యలో ఒక్క న పొల్లే తేడా. జాగ్రత్త స్వప్నా."

"గంత కూడ తెల్వదా సార్ నాకు?" అన్నాను. ఆ మాట అన్న పిల్ల ఇప్పుడు దొరికితే రెండు చెంపలూ వాయించేదాన్ని.

మెక్సికో నుంచి తెరేసా అనే మేనేజరమ్మ మా కాలేజీకి వచ్చింది, తన కంపెనీకి పిల్లల్ని ఎంచుకోవడానికి. స్వాగతం చెప్పే పని నాకిచ్చారు. పట్టుచీర కట్టుకుని, జడ నిండా మల్లెలు పెట్టుకుని చేవెళ్లలో బస్సెక్కాను. సీటు లేదు. ఒంటికాలి మీద, ఎవరిదో పాలక్యాను నా పాదం మీద. దిగాక ఆమెకు వేయాల్సిన పూలదండ పట్టుకుని గేటు దగ్గర ఎండలో నిలబడ్డాను. ఆమె వచ్చేసరికి మిట్టమధ్యాహ్నం. నేను వేయించిన అప్పడంలా ఉన్నాను.

"కోమో ఎస్తాస్?" అంది తెరేసా. ఎలా ఉన్నావని.

చాలా అలసిపోయానని గర్వంగా చెప్పాను: "ఎస్తోయ్ ముయ్ కసాద!"

ఆమె నా పట్టుచీర చూసింది. మల్లెలు చూసింది. చేతిలో దండ చూసింది. రెండు చేతులూ గుండెల మీద పెట్టుకుంది. తర్వాత సంభాషణంతా స్పానిష్‌లోనే జరిగింది, మీకోసం తెలుగులో చెప్తున్నాను.

"ఎప్పటి నుంచి?"

"ఇవాళ పొద్దుటి నుంచి."

"అయ్యో తల్లీ! ఎలా జరిగింది?"

"బస్సు వల్ల."

"మీ నాన్నకు తెలుసా?"

నా అలసట మీద ఇంత శ్రద్ధ చూపిన మనిషిని నేనెన్నడూ చూడలేదు. కళ్లు చెమర్చాయి. "తెలియదు. చెప్పినా పట్టించుకోడు. బస్సులో వచ్చే ఆడపిల్లలందరికీ ఇంతే. రోజూ ఇంతే!"

తెరేసా శిలువ గుర్తు వేసుకుంది.

అరగంటకు ఆమె స్టేజీ ఎక్కి మైకు అందుకుంది. ఈసారి చక్కని ఇంగ్లీషులో, ఇవాళ పొద్దున్నే బస్సు కారణంగా, తండ్రికి తెలియకుండా పెళ్లి చేసుకుని, ఆ చీరతోనే తనను ఆహ్వానించడానికి వచ్చిన ఈ ధీరురాలికి చప్పట్లు కొట్టమంది. హాలు దద్దరిల్లింది. "కాదు, కాదు" అని నేను గొంతు చించుకున్నా చప్పట్లలో ఎవరికి వినబడుతుంది?

ప్రిన్సిపాల్ మాత్రం చప్పట్లు కొట్టలేదు. నన్ను పక్కకు పిలిచి, "ఎవడు వాడు? డ్రైవరా, కండక్టరా?" అన్నాడు. నేను నోరు తెరిచేలోపే మా దుకాణానికి ఫోన్ చేశాడు.

సాయంత్రం అదే బస్సు, రోజూ మాకు టికెట్లు కొట్టే అదే కండక్టర్ అంజయ్య. చేవెళ్లలో రోడ్డుకు అడ్డంగా మా బాపు నిలబడి ఉన్నాడు, వెనక సగం బజారుతో.

"దిగురా!" అని బాపు మెట్టు మీదున్న అంజయ్య కాలర్ పట్టుకున్నాడు. "పొద్దుగాల నా బిడ్డను పెండ్లి చేసుకొని, మల్ల టికెట్లు కొడ్తున్నవా?"

"ఏం మాటలు సేటూ! నా పెద్ద బిడ్డ గీమె కన్నా పెద్దది! గీమె సీటు లేదని రోజు నన్ను తిడ్తది. గింత తిట్టేటామెను ఎవడన్న చేసుకుంటడా?"

పెళ్లి పుకారు కన్నా ఈ మాటకే నాకు ఎక్కువ కోపమొచ్చింది. పైగా బస్సంతా తలలూపింది!

"బాపూ! అలిసిపోయిన అని చెప్పిన, గంతే!" అని అరిచాను.

"అలిసిపోతే పెండ్లి చేసుకుంటరా?" అని బాపు ఇంకా గట్టిగా గుంజాడు. కాలర్ ఊడి వచ్చింది.

ఆ రాత్రి నేను అన్నం ముట్టలేదు. ఎవరో ఫోన్‌లో చెప్పింది నమ్మాడు గానీ, ఏమైందని నన్ను ఒక్క మాట అడగలేదు.

మర్నాడు బాపును వెంటబెట్టుకుని ప్రిన్సిపాల్ గదికి వెళ్లాను. తెరేసా, మా సారు అక్కడే ఉన్నారు. నేరుగా ఆమె ముందు నిలబడి, "నో ఎస్తోయ్ కసాద!" అన్నాను. నాకు పెళ్లి కాలేదని.

తెరేసా ముఖం పాలిపోయింది. "అప్పుడే విడిపోయారా?"

అంతే, నా కోపం కట్టలు తెంచుకుంది. బస్సును, ఎండను, పాలక్యానును, ప్రిన్సిపాల్‌ను, బాపును, ఆ న పొల్లును వరసబెట్టి స్పానిష్‌లో దులిపేశాను. ఊపిరాడక ఆగితే సారు నోరు తెరుచుకుని చూస్తున్నాడు. "ఒక్క తప్పు లేదమ్మా!" అన్నాడు. తర్వాత ఆ రెండు మాటలూ కాగితం మీద రాసి తెరేసాకు చూపించాడు. ఆమె నవ్వీ నవ్వీ కుర్చీలోంచి జారిపోయింది.

"ఏమంటున్నది సార్ నా బిడ్డ?" అన్నాడు బాపు.

"అలసిపోయిందట. అంతే."

బాపు నా వైపు తిరిగాడు. "గంత కష్టమైతే నాకెందుకు చెప్పలే బిడ్డా?"

"నువ్వు అడిగితివా బాపూ?"

ఆ సాయంత్రమే బాపు కొత్త చొక్కా గుడ్డ పట్టుకుని అంజయ్య ఇంటికి పోయి వచ్చాడు.

ఇక ఉద్యోగం దక్కదని నేను నిశ్చయించుకున్నాను. తెరేసా మాత్రం నన్నే తీసుకుంది. దేనికనుకున్నారు? ఫోన్ చేసి తిట్టే కస్టమర్లకు జవాబు చెప్పే పనికి! "ఇంత కోపాన్ని ఇంత శుద్ధమైన స్పానిష్‌లో చూపే పిల్ల ముందు మెక్సికోలో ఎవడు అరుస్తాడో చూస్తాను" అందట.

కాబట్టి కుడి చెయ్యి ఎత్తి, నిండు సభలో ప్రమాణం చేస్తున్నాను. ఈ భూమ్మీద ఎవరు, ఏ భాషలో "ఎలా ఉన్నావు?" అని అడిగినా సరే, మోకాళ్లు అరిగి, నడుము విరిగి, స్ట్రెచర్ మీద దవాఖానకు పోతున్నా సరే, తల పైకెత్తి "బ్రహ్మాండంగా ఉన్నాను" అనే చెప్తాను. అలసిపోయానని మాత్రం చచ్చినా చెప్పను.