కాటా ఎక్కని మనుషులు

మా నాన్న కొన్న విమానంలో నేను ఇప్పుడు ఉద్యోగిని. ఈ మాట ఇంకెవరో నా వెనక చెప్పుకునే ముందు నేనే చెప్పేస్తాను. చెన్నై తొండియార్‌పేటలో, హార్బరుకు దగ్గరగా, మా తాతకు మిరపకాయలు, పసుపు, కందిపప్పు నిలవచేసే గిడ్డంగులు ఉండేవి. నాన్న కాలంలో వ్యాపారం సముద్రం దాటింది, విమానం వచ్చింది. నా కాలంలో రెండూ పోయాయి. ఎలా పోయాయన్నది ఇక్కడ అవసరం లేదు. విమానం చేతులు మారి మారి, చెన్నైలోనే విమానాలు అద్దెకు తిప్పే ఒక సంస్థకు చేరింది. దాని సంగతి నాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదని వాళ్లు నన్ను పిలిచారు. వెళ్లాను. ఎంతమంది ఎక్కుతున్నారు, సామాను ఎంత, ఎవరు ఎక్కడ కూర్చోవాలి, లోపల వసతి ఎలా ఉంది, ఇవన్నీ చూసుకోవడం నా పని. ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళతాను. తలుపు దగ్గర ఎవరికీ వంగి నమస్కారం పెట్టను. నిలబడే పెడతాను.

విమానం పెద్దది, పాతది. లోపల మనిషి తల వంచకుండా నడవొచ్చు. నేను పొడగరిని, నాకు కూడా పైకప్పు తగలదు. కిటికీలు పెద్దవి, కోలగా ఉంటాయి. తోలు సీట్లు ఎన్నోసార్లు మార్చారు గాని, గోడలకు నాన్న ఎంచిన ముదురు చెక్క పలకలు అలాగే ఉన్నాయి. ముందు వరసలో కూర్చుంటే గొంతు పెంచకుండా మాట్లాడుకోవచ్చు. వెనక సోఫాలో కూర్చుంటే ఇంజన్ల మోత వెన్నులోకి దిగుతుంది. ఆ రెండు ఇంజన్లకూ ఆకలి ఎక్కువ. బాగా ఎత్తుకు తీసుకుపోతే పొదుపుగా, చాలా దూరం వెళతాయి. కింద ఎగిరితే ఇంధనం తాగేస్తాయి.

దీంతో రెండు ఇబ్బందులు ఉన్నాయి. ఒకటి, నేల మీద ఆగినప్పుడు లోపల చల్లగా ఉంచడానికి తోకలో ఒక చిన్న ఇంజను ఉంది. ఎండ ముదిరితే అది తనంతట తనే ఆగిపోతుంది. రెండోది, నలభై వేల అడుగుల ఎత్తున ఎగురుతున్నప్పుడు లోపలి గాలి ఊటీ కొండ మీది గాలిలా పలచబడుతుంది. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు అది తెలియను కూడా తెలియదు, కాస్త నిద్ర వస్తుంది, అంతే. కొత్త విమానాల్లో ఈ బాధ తక్కువ. దీంట్లో మాత్రం సముద్రం ఒడ్డున ఉండే గాలి కావాలంటే ఇరవై వేల అడుగుల దగ్గరే ఎగరాలి.

రెండేళ్ల కిందటి వేసవిలో ఆ గాలే కావలసిన మనిషిని తీసుకురావడానికి వెళ్లాం.

చింతాద్రిపేటలో ఉండే కుటుంబం వాళ్లది. టోకు వ్యాపారం, ఇప్పుడు మంచి స్థితిలో ఉన్నారు. ఇంటి పెద్దాయన ఒకప్పుడు మా తాత గిడ్డంగిలో కాటా దగ్గర నిలబడి మూటలు తూచేవాడు. నన్ను 'చిన్నయ్యా' అని పిలిచేవాడు. ఊపిరితిత్తులు పాడయ్యాయని, కొండలు ఎక్కొద్దని డాక్టర్లు చెప్పినా వినకుండా హిమాలయాల్లోని గుళ్లకు ఇంటిల్లిపాదినీ వెంటేసుకుని వెళ్లాడు. అక్కడ పడిపోయాడు. కొండల కింది ఆసుపత్రిలో చూపించి, అక్కడి నుంచి ఒక చిన్న విమానాశ్రయం దాకా అంబులెన్సులో తెచ్చారు. ఆయన నోట ఒకటే మాట, ఊరికి తీసుకుపొండి అని. ఆయన్ని ఏళ్లుగా చూస్తున్న డాక్టరు కూడా చెన్నైలోనే ఉన్నాడు.

మేం చెన్నై నుంచి ఒక డాక్టరును, నర్సును ఎక్కించుకుని వెళ్లాం. ఆ డాక్టరు ఆయన్ని చూసి, నన్ను పక్కకు పిలిచి స్పష్టంగా చెప్పాడు. "కింద ఎత్తులోనే తీసుకెళ్లాలి. ఒకసారి ఎక్కాలి, ఒకసారి దిగాలి. మధ్యలో ఎక్కడో దిగి, ఈ ఎండలో ఆగి, మళ్లీ ఎక్కితే ఈయన తట్టుకుంటాడని నేను అనుకోను."

మా కెప్టెన్ విజయవాడ వైపు నుంచి వచ్చిన ఆవిడ. నాకన్నా పాతికేళ్లు చిన్న. రన్‌వే వైపు చూసి, కాగితం మీద లెక్క వేసి అంది. "సార్, కింద ఎత్తులో వెళ్లాలంటే ఇంధనం బాగా పట్టాలి. రన్‌వే చూశారుగా, పొట్టిది, పైగా ఈ ఎండ. ఒక్క కిలో ఎక్కువైనా నేను లేపను. అందరినీ తూచేయండి. సన్నగానే ఉన్నారు, అసలు బరువులు వస్తే డైరెక్టుగా వెళ్లిపోవచ్చేమో."

"తూచకపోతే?"

"విమానాల రూల్సు పుస్తకంలో మగవాళ్లకింత, ఆడవాళ్లకింత అని ఉంటుంది కదండీ. అది వీళ్ల అసలు బరువుల కన్నా ఎక్కువే. అదే రాసుకుని, ఆ మేరకు ఇంధనం తగ్గించుకుని, నాగపూర్‌లో దిగి నింపుకోవాలి. ఇంకో దారి లేదు."

సామాను తూచే పెద్ద కాటాను ఎవరో తోసుకుంటూ తెచ్చి, నీడలో, పెద్దాయన స్ట్రెచర్ పక్కనే పెట్టారు. పెద్దకొడుకు ముందుకొచ్చాడు. ఆయన తండ్రి నన్ను చిన్నయ్యా అనేవాడు. ఈయన 'అన్నా' అంటాడు.

"ఏందన్నా, మమ్మల్నీ మూటల్లెక్క ఎక్కిస్తావా ఏంది?"

"బరువు తెలిస్తే మధ్యలో ఆగకుండా పోవచ్చు" అన్నాను.

"మా ఆవిడ బరువు పదిమందిలో చదివినావంటే నాకు ఇంట్లో కూడు ఉండదప్పా."

"ఆయన బరువంతా నోట్లోనే ఉండాది. అది ఒక్కటీ తూచుకోండి, చాలు" అంది ఆయన భార్య. రెండు రోజుల్లో వాళ్లు నవ్వడం అదే మొదటిసారి కాబోలు, అందరూ కొంచెం ఎక్కువగానే నవ్వారు.

పెద్దాయన చెల్లెలు నవ్వలేదు. డెబ్బై దాటిన మనిషి. లేచి వచ్చి కాటాకూ స్ట్రెచర్‌కూ మధ్య నిలబడింది.

"తీసేయండి దాన్ని. చావు బతుకుల్లో ఉండే మనిషి పక్కన కాటా పెడతారా? నీకు తెలీదా నాయనా, ఎవురింటి పిల్లోడివి నువ్వు?"

నాకు తెలుసు. గిడ్డంగుల మీద బతికిన మా ఇళ్లలో మనిషిని తూచరు. గిడ్డంగిలో మూట ఎన్ని నెలలైనా తూచకుండా పడి ఉంటుంది. దాన్ని కాటా మీద పెట్టారంటే అది బయటికి పోతుందని అర్థం. తూచిన మూట మళ్లీ లోపలికి రాదు. అందుకే మా అమ్మ మమ్మల్ని ఆసుపత్రిలో కాటా ఎక్కనిచ్చేది కాదు. తప్పనిసరై ఎక్కినా అంకె ఎంతో ఇంట్లో చెప్పనిచ్చేది కాదు. దేవుడి ముందు మొక్కు తీర్చుకోవడానికి తులాభారం తూగవచ్చు, అది వేరు. చెన్నైలో ఉన్న వేరేవాళ్లకు ఈ మాట చెబితే నవ్వుతారు. మాలో చదువుకున్నవాళ్లు కూడా నవ్వుతారు, కాని జబ్బు మనిషి ఎదురుగా నవ్వరు.

"సామాను తూచుకుంటాంలే అమ్మా" అన్నాను.

పెట్టెలు తూచాం. గంగనీళ్ల క్యాన్లు పన్నెండు ఉన్నాయి. పెద్దకొడుకు వాటి ముందు చేతులు అడ్డం పెట్టాడు. "గంగమ్మను కాటా వేస్తావా అన్నా? ఆడుండే మావాళ్లందరికీ ఇస్తామని చెప్పుండాము, ఇవి వదిలి వచ్చేది లేదు." వాటికీ ఒక అంచనా రాశాను.

అప్పుడు పెద్దాయన ముఖం మీది మాస్క్‌ను ఒక వేలితో పక్కకు తోశాడు. ఆ మూసుకున్న కళ్లతో ఎంతసేపటి నుంచి వింటున్నాడో తెలియదు.

"చిన్నయ్యా... కాటా వచ్చిందా? నన్ను పెట్టు ముందు. నన్ను చూసి అందురూ ఎక్కుతారు."

అంతే మాట్లాడగలిగాడు. చెల్లెలు ఏడుస్తూ మాస్క్ సర్దింది. నర్సు నా వైపు చూసింది. ఆయన్ని స్ట్రెచర్‌తో సహా ఎత్తి కాటా మీద పెట్టడానికి నలుగురు మనుషులు, రెండు నిమిషాలు చాలు. ఆయన ఎక్కితే మిగతావాళ్లు ఎక్కేవాళ్లే. ఆ ఇంట్లో ఆయన మాట తీసేసేవాళ్లు లేరు.

నేను చిన్నప్పుడు ఆయన్ని 'నువ్వు' అనేవాణ్ణి. ఆ రోజు నువ్వు అనాలో మీరు అనాలో తెలియక, రెండూ లేకుండా, "అవసరం లేదు" అన్నాను.

ఎందుకన్నానో చాలాసార్లు ఆలోచించాను. ముసలావిడ మనసు నొప్పించకూడదని అన్నాను, అది నిజమే. మా ఆచారం అన్నది కూడా కొంత నిజం. మిగతాది ఇది. మా తాత గిడ్డంగిలో కాటా దగ్గర నిలబడి బరువులు చదివింది ఆయన. కుర్చీలో కూర్చుని వినేవాళ్లం మేము. ఆయన కొడుకులు, కోడళ్లు, అల్లుడు వరసగా నిలబడితే, నేను కాటా పక్కన నిలబడి, ఒక్కొక్కరి అంకె గట్టిగా చదవాలి. అది నేను చేయలేకపోయాను. ఉద్యోగం చేస్తున్నాను, టిఫిన్ ట్రేలు సర్దుతున్నాను, దుప్పట్లు మడుస్తున్నాను, కాని కాటా పక్కన నిలబడలేకపోయాను.

ఎవరినైనా ఇద్దరిని తర్వాతి విమానంలో రమ్మనవచ్చు కదా అని కెప్టెన్ అడిగింది. ఎవరూ ఒప్పుకోలేదు. నాన్న దగ్గర ఉండకపోతే ఎట్టా అన్నారు. నేను విమానం బరువు లెక్క రాసే లోడ్ షీట్‌లో పుస్తకం బరువులు రాసి సంతకం పెట్టాను. కెప్టెన్ అది చదివి, ఇంధనం తగ్గించమని చెప్పింది.

విమానం బాగా ఎగిరింది. ఈ మాట దానికి రావలసిందే కనుక చెబుతున్నాను. ఆ ఎండలో, ఆ పొట్టి రన్‌వే మీద, ఇంకా చోటు ఉండగానే నేల వదిలింది. ముందు సీట్లు వెనక్కి పడేసి స్ట్రెచర్ అక్కడ కట్టించాను, మోత తక్కువని. ఇరవై వేల అడుగుల దగ్గర నిలకడ అయ్యాక లోపలి గాలి చెన్నై గాలిలాగే ఉంది. మబ్బుల్లో కుదుపులు ఉన్నాయి, పైన అయితే ఉండేవి కావు. పెద్దాయన ఊపిరి కుదుటపడింది. ఆయన చెయ్యి చెక్క పలక మీద ఆనించి ఉంది. డాక్టరు నా వైపు చూసి తల ఊపాడు, పరవాలేదన్నట్టు. ఇలాగే ఇంకో గంటన్నర పోగలిగితే చెన్నై వచ్చేది.

నాగపూర్‌లో దిగాం. ఇంధనం బండి చెప్పిన టైముకే వచ్చింది. తోకలోని చిన్న ఇంజను మూడు నిమిషాలు పనిచేసి ఆగిపోయింది. మళ్లీ వేశారు, మళ్లీ ఆగింది. పైనుంచి చల్లగాలి రావడం నిలిచిపోయింది. తలుపు తీస్తే బయటి నుంచి వచ్చింది గాలి కాదు, సెగ. అంతమంది మనుషుల ఊపిరి, తోలు సీట్ల వాసన. కోడళ్లు చీర చెంగులతో విసిరారు. మిగతావాళ్లను దించి రెక్క నీడలో నిలబెట్టాను. ఆయన్ని దించడానికి డాక్టరు ఒప్పుకోలేదు. నేను ఒక పత్రిక పట్టుకుని ఆయన ముఖానికి విసురుతూ కూర్చున్నాను. నలభై నిమిషాలు. ఆయన ఛాతీ ఎగిరెగిరి పడుతోంది. కళ్లు తెరిచి ఉన్నాయి గాని నన్ను చూడటం లేదు.

మళ్లీ ఎగిరిన ఇరవై నిమిషాలకు ఆయన పోయాడు. డాక్టరు చాలాసేపు ప్రయత్నించి, టైము చూసుకుని, కాగితం మీద రాసుకున్నాడు. పెద్దకొడుకు తండ్రి పాదాలు పట్టుకుని అలాగే కూర్చుండిపోయాడు. ఇక కింద ఎగరవలసిన అవసరం లేదు. కెప్టెన్ విమానాన్ని పైకి తీసుకుపోయింది. అక్కడ కుదుపులు లేవు. చెన్నై శివారులోని మనలి పొగగొట్టాలు కనిపించేసరికి కిందికి దించింది.

చెన్నైలో దిగాక పెద్దకొడుకు నా రెండు చేతులూ పట్టుకున్నాడు. "మీ నాయన ఏరోప్లేన్లో మా నాయన రాజాలెక్క పోయినాడన్నా. రోడ్డు మీద పోయుంటే ఏంగాను? ఎంత వసతిగా చూసుకున్నావు!" నేను చేతులు వెనక్కి తీసుకోలేదు.

ఆ సాయంత్రం డాక్టరు తన కాగితాల నకలు మా ఆఫీసులో ఇచ్చి వెళ్లాడు. కొండల కింది ఆసుపత్రి వాళ్లు ఆయన్ని మంచంతో సహా తూచి, మంచం బరువు తీసేసి అందులో రాశారు. వాళ్లకు మా ఆచారం తెలియదు. నేను షీట్‌లో రాసినదాంట్లో సగం కూడా లేడు. ఆ ఇంటివాళ్లందరూ ఎముకల మనుషులే. కూర్చుని, కంటికి కనిపించిన బరువులు వేసి, క్యాన్లు తీసేసి, మళ్లీ లెక్క కట్టాను. ఆగకుండా వచ్చేసేవాళ్లం. రెండోసారి కూడా అదే వచ్చింది. తర్వాత కట్టలేదు.

ఐదో రోజు చింతాద్రిపేట వెళ్లాను. ఇల్లంతా జనం. నాకోసం ఒక కుర్చీ తెచ్చి వేశారు, మిగతావాళ్లు చాప మీద ఉన్నారు. కూర్చున్నాను. కాసేపటికి ముసలావిడ గోడ పట్టుకుంటూ వచ్చి నా పక్కన నేల మీద కూర్చుంది. గొంతు తగ్గించి అడిగింది.

"నాయనా, ఆడ దిగకుండా వచ్చుంటే మా అన్న ఉండేవాడా?"

ఆమె నా కుర్చీ కోడు పట్టుకుంది.

"తూచొద్దని నేనే కదా అడ్డం పడింది. మా అన్న తూచమనె. నేనే కదా మాస్కు పెట్టి మాట ఆపింది. ఐదు దినాలుగా కన్ను మూసుకోలేదు నాయనా, నిజం చెప్పు."

"దానికీ దీనికీ సంబంధం లేదమ్మా" అన్నాను. "ఆయన వయసు అలాంటిది."

"నిజమేనా?"

"నిజమే."

ఆమె నా ముఖంలోకి చూసింది. నమ్మిందో లేదో తెలియదు. తూచొద్దన్నది ఆమె ఒక్కతే కాదని, ఆయన అడిగినప్పుడు చివరి మాట నాదేనని చెప్పి ఉంటే, ఆమె భుజం మీది బరువులో సగమైనా దిగేది. అది నా నోట రాలేదు. చుట్టూ జనం ఉన్నారు, నేను కుర్చీలో ఉన్నాను.

చావింట్లో పోయొస్తానని చెప్పకూడదు. చెప్పకుండానే లేచి వచ్చాను.