శేషమ్మ నోరు మెదపకుండా చూసిన మద్రాసు

దొరవారిసత్రం చుట్టుపక్కల వెంకటశేషమ్మ గొంతు వినని మడి లేదు. నాట్లు వేసే ఆడవాళ్లకు ఆమె మేస్త్రి. గట్టు మీద నిలబడి ఒక్క కేక వేసిందంటే, పక్క చేలో నడుం ఎత్తిన మనిషి కూడా మళ్లీ వంగేది. అలాంటి గొంతు ఈ వేసవిలో బొంగురుపోయింది. మిరియాల కషాయం తాగింది, తమలపాకు నమిలింది. వినాయక చవితి దాటినా తగ్గలేదు. నాయుడుపేట డాక్టరు అద్దం పెట్టి చూసి, లోపల చిన్న కాయలాంటిది ఉందని, మద్రాసు పొమ్మని చెప్పాడు. మద్రాసు ఆస్పత్రిలో మత్తిచ్చి దాన్ని తీసి, పరీక్షకు పంపి, వారం తర్వాత రమ్మన్నారు.

ఆ వారమంతా ఇంట్లో ఎవరూ ఆ జబ్బు పేరు ఎత్తలేదు. భర్త హజరత్తయ్య మామూలుగానే మాట తక్కువ మనిషి. నారుమడికి నీళ్లు కట్టి వచ్చేవాడు, అన్నం తినేవాడు, గోడవైపు తిరిగి పడుకునేవాడు. ఈయనకు దిగులన్నది ఉందో లేదో శేషమ్మకు అర్థం కాలేదు. ఆస్పత్రిలో ఉంచుకుంటారేమోనని ఆమే చీరలు, దుప్పటి సంచిలో సర్దుకుని, తెల్లవారి ఆయనతో కలిసి రైలెక్కింది.

డాక్టరమ్మ ఎక్కువ సేపు ఆగనివ్వలేదు. "చెడ్డది కాదమ్మా. భయపడాల్సిన పనే లేదు. కానీ రెండు వారాలు మాట్లాడకూడదు. గుసగుసలు కూడా వద్దు" అంది.

బయటికి వచ్చేసరికి కార్తీకమాసపు వాన ఎడతెగకుండా కురుస్తోంది. ఆస్పత్రి వసారాలో నిలబడి శేషమ్మ ఏదో అనబోయింది. హజరత్తయ్య గాభరాగా చెయ్యి అడ్డం పెట్టాడు. ఆమె నోరు మూసుకుంది. నవ్వు వచ్చింది, దాని వెనకే కన్నీళ్లూ వచ్చాయి.

వాళ్ల ఊళ్లో ఆగే రైలు సాయంత్రానికి గాని లేదు. రోడ్ల మీద నీళ్లు నిలిచాయని ఆటోవాళ్లు ఎవరూ రామన్నారు. హజరత్తయ్య కాసేపు వానను చూశాడు. తర్వాత పంచె పైకి కట్టి, సంచికి ప్లాస్టిక్ కవరు చుట్టి భుజానికెత్తుకున్నాడు.

"పొద్దుగూకే దాకా ఈడ కూర్చోని ఏం చేస్తాం? మద్రాసు చూసొద్దాం పద మే" అన్నాడు.

పెళ్లయిన ఇన్నేళ్లలో ఆయన నోట ఆ మాట రావడం అదే మొదలు. శేషమ్మ నమ్మలేనట్టు చూసి, గొడుగు విప్పింది.

ఎగ్మూరు మ్యూజియం నడిచిపోయే దూరమేనని ఎవరో చెప్పారు. మామూలుగా అయితే దారి అడిగేది ఆమె, బేరమాడేది ఆమె. ఈయన వెనక సంచి పట్టుకుని వచ్చేవాడు. ఇప్పుడు వేరే దిక్కులేక ఆయనే నోరు విప్పాడు. కుర్రతనంలో గుమ్మిడిపూండి ఇటుక బట్టీల్లో పనిచేసినప్పుడు అబ్బిన అరవం ఎక్కడో దాక్కుని ఉన్నట్టుంది, ముక్కలు ముక్కలుగా బయటికి వచ్చింది. టికెట్టు ఇచ్చేవాడిని నవ్వించాడు కూడా. శేషమ్మ పక్కనుంచి వింతగా చూసింది.

లోపల పైకప్పు కింద తిమింగలం ఎముకలు వేలాడుతున్నాయి. వేరే గదిలో తెల్లని పాతరాళ్ల మీద ఏనుగులు, మనుషుల బొమ్మలు చెక్కి ఉన్నాయి. కాపలా మనిషిని అడిగి వచ్చి, "మన అమరావతివంట మే. కృష్ణ ఒడ్డునించి తెచ్చినారంట" అని చెప్పాడు. ఆమె ఒక రాయి మీద బొమ్మను వేలితో చూపించింది. గాజులు నిండుగా వేసుకుని, నడుం మీద చెయ్యి పెట్టి నిలబడిన ఆడమనిషి. "ఔ, నువ్వు మడి గెనెం మీద నిలబడినట్టే ఉండాది" అన్నాడాయన. శేషమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

మెట్రోలో కదిలే మెట్లు చూసి ఆమె వెనక్కి తగ్గింది. ఆయనకూ భయమే. ఇద్దరూ ఒకరి చెయ్యి ఒకరు గట్టిగా పట్టుకుని ఒకేసారి కాలు వేశారు. సెంట్రల్ దగ్గర దిగి, వంతెన మీద పోయే రైలెక్కి కిటికీ పక్కన కూర్చున్నారు. కింద నల్లటి కాలువ వాన చినుకులకు పొక్కుతోంది. అది బకింగ్‌హాం కాలువేనని పక్కవాళ్లు చెప్పగానే హజరత్తయ్య లేచి నిలబడ్డాడు. మన పక్క సముద్రం వారన పోయేది ఇదేనని, తన తాత ఈ కాలువలోనే కట్టెల పడవ తోలుకుని మద్రాసు వచ్చేవాడని, గాలి లేని రోజున తాళ్లతో పడవ లాగేవాళ్లని చెప్పుకుంటూ పోయాడు. ఇదేదీ ఆమె ఎన్నడూ వినలేదు. ఆయన చెప్పడానికి తను ఎప్పుడైనా సందిచ్చిందా అని కూడా అనుకుంది.

సముద్రం దగ్గర జనం పల్చగా ఉన్నారు. నీలం టార్పాలిన్ పట్ట కింద బజ్జీల కొట్టు ఒకటి తెరిచి ఉంది. ఆమెకు కారం పెట్టడానికి భయపడి వేడి పాలు ఇప్పించాడు. తను మాత్రం మిరపకాయ బజ్జీ తిన్నాడు. ఆమె ఊరికే చూస్తుంటే తట్టుకోలేక, లోపలి మిరపకాయ తీసేసి పైపిండి చిన్నముక్క ఆమె చేతిలో పెట్టాడు. అలలు బురదరంగులో ఎగిరిపడుతున్నాయి.

వాటివైపే చూస్తూ ఆయన అన్నాడు: "ఈ వారం దినాలు కన్ను మూతపడలేదు మే. ఇంట్లో నీ అరుపు వినపడకపోతే ఎట్టుంటదో అనుకుంటా పడుకుంటి. ఎంత అనుకున్నా తెలిసిరాలా."

శేషమ్మ కొంగు తీసి, ఆయన తల మీది తడి తుడిచింది. చిన్నపిల్లాడిలా తల వంచాడు ఆయన.

సాయంత్రం రైల్లో చోటు దొరికింది. ఎదురు సీట్లో సూళ్లూరుపేటకు పోయే ఇందిరమ్మ అనే పెద్దామె, ఎక్కడికి పోయి వస్తున్నారని శేషమ్మను పలకరించింది. హజరత్తయ్య అందుకుని, ఆస్పత్రి మాట ఎత్తకుండా, మద్రాసు చూడ్డానికి పోయినామని చెప్పాడు. తిమింగలం గురించి మొదలుపెట్టి, దాన్ని మూడింతలు చేసి చెబుతున్నాడు. శేషమ్మ దాన్ని సరిదిద్దాలని కూడా అనుకోలేదు. తడిసిన చీర చుట్టూ దుప్పటి కప్పుకుని, చాలా రోజుల తర్వాత హాయిగా నిద్రపోయింది.