మామ్మ నమ్మిన సీసా

నా చిన్నప్పుడు మా మామ్మ, అంటే మా నాన్నను కన్నతల్లి, నమ్మిన మనిషంటూ పెదపాడులో ఒక్కరూ లేరు. వేలు ముంచి చూడందే పాలు పోయించుకునేది కాదు. కొల్లేటి చేపలు తెచ్చినావిడ నొచ్చుకుంటున్నా సరే, మొప్పలెత్తి చూసేది. అంతెందుకు, నాన్న కిరాణా కొట్టు పెడితే సొంత కొడుకు తూకం మీదే కన్నేసి కూర్చునేది.

అలాంటి మనిషి ఒక్క మందు సీసాను మాత్రం నమ్మింది. మా తమ్ముడికి ఆయాసం. చల్లగాలి తగిలితే చాలు, గుండెల్లో పిల్లికూతలు. ఏలూరు నుంచి ఒకాయన మా కొట్లో అమ్మకానికి వేసి వెళ్ళిన సీసాల మీద ఆకుల బొమ్మ, కింద 'అచ్చంగా ఆకుపసరు, ఇంగ్లీషు మందు కలపలేదు' అని అచ్చు. అది పట్టడం మొదలుపెట్టాక వాడికి ఊపిరాడింది, బుగ్గలు నిండాయి. ఒళ్ళు చేశాడని మురిసిపోయాం. రోజూ చెంచాతో మామ్మే పట్టేది.

ఒకరోజు డ్రగ్ ఇన్‌స్పెక్టరు జీపు దిగాడు. పైన రాసింది ఒకటి, లోపలున్నది ఒకటని ఫిర్యాదులొచ్చాయట, పరీక్షకు పంపాలట. నాన్న ముఖం పాలిపోయింది. మామ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడింది. ఆ మందు పోతే మనవడి ఊపిరి పోతుందని ఆమె భయం. దారిలో సీసా మార్చేసి మంచి మందును చెడ్డదని రాయరని నమ్మకమేమిటని నిలదీసింది. నాకే సిగ్గేసింది. ఆయన మాత్రం కోప్పడకుండా నాలుగు సీసాలు తీసి, అందరి ఎదుటా లక్కతో సీలు వేసి, ఒకటి నాన్న చేతిలో పెట్టి మామ్మ వైపు తిరిగాడు.

"ఇది మీ దగ్గరే ఉంచండమ్మా. మా రిపోర్టు మీద అనుమానమొస్తే చూసుకోడానికి ఒకటి మీకివ్వాలని చట్టంలోనే ఉందండి."

మామ్మ ఆ సీసాను అందుకుని అటూ ఇటూ తిప్పి చూసింది.

"అంటే మిమ్మల్ని కూడా నమ్మొద్దని గవర్నమెంటే చెప్పిందన్నమాట. అయితే పట్టుకెళ్ళండి బాబూ."

వెళ్ళబోతూ ఆయన తమ్ముడి బుగ్గల వంక చూసి ఆగాడు. వెంటనే ఏలూరు పెద్దాసుపత్రిలో చూపించమనీ, డాక్టరు చెప్పకుండా మందు ఒక్కసారిగా మానెయ్యొద్దనీ మరీమరీ చెప్పాడు. ఆ సాయంత్రమే బస్సెక్కాం. అది ఒళ్ళు చేయడం కాదు, వాపు అన్నారు డాక్టరుగారు. ఒక్కసారిగా ఆపితే ప్రాణం మీదికొస్తుందని మందు కొద్దికొద్దిగా మాన్పించి, వాడికి వేరే వైద్యం చేశారు. తర్వాత వచ్చిన రిపోర్టు ప్రకారం పసరు పేరుకే, పని చేసిందంతా అందులో కలిపిన స్టెరాయిడ్ బిళ్ళల పొడి. ఏలూరు బజారులో ఉన్న సరుకంతా జప్తు చేశారు. ఇంకొన్నాళ్ళు వాడితే పిల్లాడు దక్కేవాడు కాదన్నారు. బతికి బట్టకట్టాడు, ఇప్పుడు మనవళ్ళను ఆడిస్తున్నాడు.

ఆ కబురు విన్నాక మామ్మ నాతో ఒకే మాట అంది.

"ఊళ్ళో అందర్నీ అనుమానించానే. వాడు హాయిగా ఊపిరి తీసుకుంటుంటే, ఇంకేమీ అడగబుద్ధి కాలేదు."

ఇప్పుడు పిల్లలు ఫోన్లో చూసి ఏదో పొడి తెప్పిస్తే, నేను కళ్ళజోడు పెట్టుకుని డబ్బా మీద అక్షరమక్షరం చదువుతాను. చాదస్తమని నవ్వుతారు, నవ్వనీ. నచ్చని మాటను ఎవరైనా అనుమానిస్తారు. ప్రాణం లేచొచ్చేంత హాయైన మాట విన్నప్పుడే నాకు భయం వేస్తుంది, మామ్మ చేతిలోని ఆ చెంచా గుర్తొస్తుంది.