స్పీకరు నమ్మిన అబద్ధం

ఏళ్ల తరబడి మోసిన ఒక అబద్ధాన్ని ఇక్కడ దించుతున్నాను. మీరు తీర్పు చెప్పనక్కరలేదు. వింటే చాలు.

మా నియోజకవర్గం నుంచి గెలిచి స్పీకరు అయిన మనిషి నాకు చిన్ననాటి స్నేహితుడు. గుంటూరు హేతువాద సభల్లో ఇద్దరం కలిసి వాదించినవాళ్లం. శాసనసభలో ఆయన దేవుడి పేరున కాక మనస్సాక్షి మీద ప్రమాణం చేసిన రోజు నేను పొంగిపోయాను.

ఆ రోజుల్లోనే ప్రత్తిపాడు వైపు పత్తికి పురుగు పట్టింది. మస్తాన్‌వలీ అనే కౌలు రైతు నన్ను చేలోకి పిలిచి, ముందురోజు మందు కొట్టిన ఆకు ఒకటి తుంచి నా అరచేతిలో పెట్టాడు. పురుగు బతికే ఉంది. నా వేలి మీదికి పాకింది. మందు కల్తీదని అర్థమైంది. దాన్ని అమ్మిన పురుగుమందుల దుకాణం మా హేతువాద సంఘం అధ్యక్షుడిది.

రైతుల ఫిర్యాదులు పెరిగి, ప్రతిపక్షం శాసనసభలో దీనిపై చర్చకు పట్టుబట్టింది. అనుమతించాలో వద్దో తేల్చవలసినవాడు స్పీకరు. నన్ను ఇంటికి పిలిపించాడు.

"ఏరా, ఆ చేలోకి నువ్వెళ్లావంట గదా. మందు కల్తీదేనా?"

"పురుగేం కనపళ్లేదు. వానలెక్కువై కాయ రాలింది."

"సరే. దేవుడి మీద ఒట్టేసి చెప్పేవాళ్లని నమ్మను గానీ, నిన్ను నమ్ముతా."

మర్నాడు, ప్రాథమిక ఆధారం లేదంటూ చర్చకు అనుమతి నిరాకరించాడు. ఆ దుకాణం తెరిచే ఉంది. మరుసటి ఏడు మస్తాన్‌వలీ లేడు. ఎలా పోయాడో పత్తి పండే ఊళ్లలో ఎవరూ అడగరు.

ఎందుకు అబద్ధమాడాను? డబ్బు కోసం కాదు. మా అధ్యక్షుడు దొంగని తేలితే బాబాలూ స్వాములూ మమ్మల్ని చూసి నవ్వుతారని. మతం పరువు కోసం పూజారి తప్పును కప్పిపుచ్చేవాళ్లను వేదికలెక్కి చీల్చి చెండాడిన నేను, సంఘం పరువు కోసం చేసింది అదే కదా? ఆ సంగతి అప్పుడు తెలియలేదా? తెలుసు. తెలిసే ఆడాను.

స్పీకరు దుకాణదారుకు అమ్ముడుపోయాడని ఊరూరా అనుకున్నారు. తర్వాతి ఎన్నికల్లో ఓడిపోయాడు. చనిపోయాక సంతాప సభలో కూడా ముందు వరసలో ఎవరో ఆ మాటే గొణిగారు. వేదిక మీద నేను ఆయన నిష్పాక్షికత గురించి మాట్లాడుతున్నాను. విన్నాను. ఆగలేదు.

క్షమించమని అడగవలసిన ఇద్దరూ లేరు. మిమ్మల్ని అడిగి ప్రయోజనం లేదు. ఆయన అమ్ముడుపోలేదు. నన్ను నమ్మాడు. ఇన్నాళ్లూ నోటితో అనలేకపోయిన ఈ రెండు వాక్యాలూ రాశాక, ఊపిరి కాస్త తేలిగ్గా ఆడుతోంది. అంతే.